సంతకాలు అడుగుతారు, నక్షా చూపించరు

సంపాదకులకు నమస్కారం.

మా పట్టణంలో ప్రధాన రహదారి వెడల్పు, డివైడర్లు, చౌరస్తాల మార్పు, స్పీడ్‌బ్రేకర్ల విషయంలో ప్రజాభిప్రాయ సేకరణ పేరుతో నడుస్తున్న తంతు గురించి ఈ ఉత్తరం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. తెలంగాణలో పురపాలక సంఘం ఉన్న ఏ ఊరి పేరు పెట్టి చదువుకున్నా పెద్దగా తేడా రాదు.

పనిదినం చూసి పదకొండు గంటలకు వార్డు ఆఫీసులో సమావేశం పెడతారు. ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో కబురొస్తుంది. ఆ రోడ్డును రోజూ దాటేది కూలికి, ఆఫీసుకు, బడికి వెళ్లేవాళ్లు. సరిగ్గా వాళ్లే ఆ వేళకు రాలేరు. వచ్చిన పదిమందికీ గోడ మీద ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. కంప్యూటర్‌లో గీసిన నల్లటి రోడ్డు, వరసగా దీపాలు, మధ్యలో పూలమొక్కలు. ఒక్క కొలత ఉండదు. ‘రోడ్డు బాగుపడాలా, వద్దా?’ అని అడుగుతారు. వద్దనేవాళ్లెవరు? హాజరు పట్టీ మీద సంతకం చేసి, టీ తాగి వస్తాం. ఆ పట్టీయే ఫైలులో ‘స్థానికుల ఆమోదం’ అయి కూర్చుంటుంది. ఇంతకూ ఎస్టిమేట్ అప్పటికే మంజూరై ఉంటుంది. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు.

రోడ్డు వెడల్పును మేం వ్యతిరేకించడం లేదు. మా ఫిర్యాదంతా అడిగే ప్రశ్న మీదే. డివైడర్ కావాలా అని కాదు, దాని మధ్య ఖాళీలు ఎన్ని మీటర్లకొకటి వదులుతారో చెప్పాలి. స్పీడ్‌బ్రేకర్ కావాలా అని కాదు, ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, ఏ చోట అన్నది ముందు పెట్టాలి. ప్రాణం నిలిచేదీ పోయేదీ ఈ అంకెల దగ్గరే. సమావేశానికి రానివీ అవే.

డివైడర్ సంగతే చూద్దాం. రెండు యూటర్న్‌ల మధ్య 800 మీటర్లు ఉందనుకుందాం. సరిగ్గా మధ్యలో ఉన్న వీధివాళ్లు ఎదురు వీధిలోని కిరాణా కొట్టుకు బండి మీద వెళ్లాలంటే 400 మీటర్లు ముందుకు, మళ్లీ 400 వెనక్కి. తిరుగు ప్రయాణమూ అంతే. మొత్తం 1.6 కిలోమీటర్లు. ఎవరూ వెళ్లరు. రాంగ్ రూట్‌లో రోడ్డు అంచున వందడుగులు నడిపించి దగ్గర్లోని సందులో దూరతారు. పోలీసులు చలానా వేస్తే ఆ వారం తగ్గుతుంది, మరుసటి వారం మామూలే. నక్షాలో ఖాళీని తప్పుచోట పెట్టిన ఫలితాన్ని జనం క్రమశిక్షణ లోపంగా చూపడం న్యాయం కాదు. మా అంచనాలో రాంగ్ రూట్ బెడదలో సగానికి పైగా అక్కడే పుడుతోంది.

అలాగని అడిగినచోటల్లా డివైడర్‌ను పగలగొట్టి ఖాళీ ఇవ్వడమూ పొరపాటే. కౌన్సిలర్ ఇంటి ముందు ఒకటి, ఫంక్షన్ హాలు ముందు ఒకటి, పెట్రోలు బంకు ముందు ఒకటి అలాగే పుట్టుకొస్తాయి. మన ఊళ్లలో డివైడర్ వెడల్పు సాధారణంగా ఒక మీటరు, మహా అయితే 1.2 మీటర్లు. చిన్న కారు పొడవే దాదాపు 4 మీటర్లు. అది యూటర్న్ కోసం అడ్డంగా ఆగితే వెనుక భాగం మూడు మీటర్ల మేర వేగంగా వచ్చే వరసలో ఉండిపోతుంది. ఇక తిరగడానికి చిన్న కారుకైనా సుమారు 10 మీటర్ల వృత్తం కావాలి. ఒక్కో వైపు 7 మీటర్ల రోడ్డు ఉంటే, డివైడర్‌ను ఆనుకుని మొదలుపెట్టి అవతలి అంచు దాకా వెళితేగానీ తిరగదు. ఆ అంచున ఒక్క ఆటో ఆగి ఉన్నా రోడ్డు నడిమధ్య రివర్స్ తీయాల్సిందే. బడి బస్సు ఒక్క తిప్పులో ఎలాగూ తిరగదు. యూటర్న్ పెట్టేచోట అవతలి అంచున రోడ్డును కొంత బయటికి వెడల్పు చేయాలి, అక్కడ ఆటో అడ్డా గానీ బండ్లు గానీ లేకుండా చూడాలి. స్థలం లేదంటే ఆ చోటు యూటర్న్‌కు పనికిరాదు, ఎవరి ఇల్లు ఎదురుగా ఉన్నా సరే. మా రోడ్డు మొదటి దశ పనుల్లో ఈ ఒక్క లెక్క ఎవరూ వేయలేదు. అడిగితే ‘సైట్‌లో అడ్జస్ట్ చేస్తాం’ అన్నారు.

మొక్కల సంగతి కూడా చెప్పాలి. డిజైన్ లెక్కల్లో డ్రైవర్ కంటి ఎత్తును 1.2 మీటర్లుగా తీసుకుంటారు. డివైడర్ గట్టు ఎత్తు, దాని మీద కోనోకార్పస్ లేదా గన్నేరు కలిస్తే అంతకంటే ఎత్తైన గోడ. ఖాళీ దగ్గర దాటబోతూ నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్ల ఆ గోడ వెనుక ఎవరికీ కనబడదు. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ లెక్క ప్రకారం 60 మీటర్ల చూపు దూరం కావాలి, 40 కిలోమీటర్ల వేగానికి 45 మీటర్లు. కాబట్టి ప్రతి ఖాళీకీ వాహనాలు వచ్చే దిక్కున 60 మీటర్ల మేర మొక్కలు మోకాలి ఎత్తు దాటకూడదు. దీనికి ఎస్టిమేట్ అక్కర్లేదు, తోటమాలికి ఒక్క మాట చెబితే చాలు.

ఇప్పుడు స్పీడ్‌బ్రేకర్లు. ప్రమాదం జరుగుతుంది, జనం రోడ్డు మీద కూర్చుంటారు, రాత్రికి రాత్రి ఒక తారు గట్టు లేస్తుంది. జనం అడిగారు, మేం వేశాం అంటారు. అడిగిన మాట నిజమే. వేసింది మాత్రం స్పీడ్‌బ్రేకర్ కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 99వ నంబరు మార్గదర్శకాలు 1988లో చెప్పిన గుండ్రటి హంప్ వెడల్పు, అంటే బండి వెళ్లే దిక్కున, 3.7 మీటర్లు. మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు. వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో భాగం. దాన్ని 25 కిలోమీటర్ల వేగంతో దాటితే ఇబ్బంది ఉండదు, మించితే కుదుపు పెరుగుతూ పోతుంది. మన దగ్గర వేసేది అడుగు, అడుగున్నర వెడల్పు, అరచేయంత ఎత్తు ఉన్న గట్టు. నెమ్మదిగా వెళ్లే స్కూటర్‌ను, ఆటోలోని గర్భిణిని, 108 వాహనంలోని రోగిని ఇది ఎత్తి కుదేస్తుంది. వేగంగా వెళ్లే పెద్ద కారుకు మాత్రం చక్రం, స్ప్రింగు ఆ కుదుపును చాలావరకు మింగేస్తాయి. ఆపాల్సినవాణ్ని ఆపదు, ఆగినవాణ్ని కొడుతుంది.

ఎందుకిలా వేస్తారో లెక్క కడితే తెలుస్తుంది. ఏడు మీటర్ల రోడ్డుకు అడ్డంగా సరైన కొలతల హంప్ వేయాలంటే సుమారు 1.7 ఘనపు మీటర్ల తారు, కంకర మిశ్రమం పడుతుంది, అంటే దాదాపు నాలుగు టన్నుల హాట్‌మిక్స్. కింద ట్యాక్ కోట్ (పాత రోడ్డుకు అతుక్కోవడానికి పలచటి తారు పూత) కొట్టాలి, పైన రోలర్ తిప్పాలి. చిన్న గట్టుకు అర టన్ను చాలు. గుంతలు పూడ్చగా ట్రాలీలో మిగిలింది పారతో కుమ్మరించి, తొక్కి వెళ్లిపోతారు. కింద అతుకు లేదు కాబట్టి రెండు వానలకు పెచ్చులూడుతుంది, ఎండకు లారీ చక్రం కింద పక్కకు జరిగి అంచు కత్తిలా లేస్తుంది. రెండు చివరలా నీటికి దారి వదలరు కాబట్టి ముందు మడుగు కడుతుంది, ఆ మడుగు కింద గుంత పడుతుంది. ఆర్నెల్లకు అక్కడ స్పీడ్‌బ్రేకర్ ఉండదు, గుంత ఉంటుంది. ప్లాస్టిక్ పలకలదీ ఇదే తంతు. బోల్టులు వదులై పలక లేచిపోతుంది, రోడ్డులో మేకు మిగులుతుంది.

కొలత సరిగా ఉందో లేదో చూసుకోవడం ఇంజనీర్లకే పరిమితమైన విద్య కాదు. ఒక నిటారు కర్ర, దారం, స్కేలు చాలు. రోడ్డు మట్టం నుంచి కొలిస్తే మధ్యలో 10 సెంటీమీటర్లు రావాలి. మధ్యకూ అంచుకూ సరిగ్గా నడుమ 7.5 సెంటీమీటర్లు రావాలి. అక్కడ మూడు, నాలుగు వస్తే వంపు వేయలేదన్నమాట. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి, హంప్ మీద రాత్రి మెరిసే పట్టీలుండాలి. గల్లీ వచ్చి మెయిన్ రోడ్డులో కలిసేచోట హంప్‌ను గల్లీలో, మెయిన్ రోడ్డు అంచుకు సుమారు 5 మీటర్లు లోపలికి వేయాలి. మా ఊళ్లో చాలాచోట్ల మెయిన్ రోడ్డు మీదే వేశారు. ఎంబీ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) రికార్డు చేసి బిల్లు పెట్టేముందు ఈ నాలుగూ వార్డు కమిటీ చూసి సంతకం చేసే పద్ధతి పెడితే, అభిప్రాయ సేకరణలో పెట్టించుకునే సంతకం కన్నా వంద రెట్లు ఉపయోగం.

వార్డు కమిటీలంటే గుర్తొచ్చింది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంటుంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కోదానిలో 15 మంది. అంటే అరవై మంది. మొక్కలు నాటే రోజు ఫొటోలో కనిపించే ఈ అరవై మందికి రోడ్డు నక్షా వచ్చినప్పుడు కబురు వెళ్లదు.

నడిచేవాళ్ల గురించి మా సమావేశాల్లో మాట పెద్దగా రాదు. కార్ల పార్కింగ్ దగ్గరే గంట గడిచిపోతుంది. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో పాదచారులు 32,825 మంది, ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారు 74,897 మంది. కలిపితే దాదాపు 64 శాతం. అభిప్రాయం ముందుగా ఎవరిని అడగాలో ఈ అంకెలే చెబుతున్నాయి.

జీబ్రా క్రాసింగ్ గానీ సిగ్నల్ గానీ అడిగితే ‘వారంట్ లేదు’, అంటే అర్హత లెక్కకు అందడం లేదు, అని ఒక ఇంజనీరింగ్ సమాధానం వస్తుంది. ఆ లెక్క ఇది: రద్దీ గంటలో దాటే మనుషుల సంఖ్యను ఆ గంటలో వెళ్లే వాహనాల సంఖ్యతో రెండుసార్లు గుణిస్తారు. డివైడర్ లేని రోడ్డుకు 10 కోట్లు, ఉన్న రోడ్డుకు 20 కోట్లు దాటితే మనుషులు దాటడానికి ప్రత్యేక ఏర్పాటు కావాలి. ఉదాహరణకు 300 మంది, 700 వాహనాలు అయితే 14.7 కోట్లు. డివైడర్ లేకపోతే అర్హత ఉంది, డివైడర్ కట్టాక లేదు. లెక్కలో తప్పు లేదు, లెక్కపెట్టే తీరులో ఉంది. భయపడి దాటడం మానేసిన ముసలివాళ్లు ఆ 300లో ఉండరు. పిల్లను బడికి నడిపించడం మాని బండి మీద దింపే తల్లి మనుషుల లెక్క నుంచి వాహనాల లెక్కలోకి మారిపోతుంది. రోడ్డు ఎంత ప్రమాదకరమైతే దాటేవాళ్లు అంత తగ్గుతారు, దాటేవాళ్లు తగ్గారు కాబట్టి క్రాసింగ్ అక్కర్లేదంటారు. పైగా మా దగ్గర ఒకసారి లెక్కలు తీసింది మే నెలలో, బడులు మూసి ఉండగా.

ఏడు మీటర్లు దాటడానికి డిజైన్‌లో అనుకునే నడక, సెకనుకు 1.2 మీటర్లు, ప్రకారం ఆరు సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు తొమ్మిది పట్టొచ్చు. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ తొమ్మిది సెకన్లలో 125 మీటర్లు వచ్చేస్తుంది. అంత దూరం ఖాళీగా కనిపించే చోట క్రాసింగ్ ఉండాలి, లేదా ఆ బండి వేగం తగ్గాలి. ఫుట్‌పాత్ సంగతి క్లుప్తంగా చెబుతాం. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు, నివాస ప్రాంతంలో కనీసం 1.8 మీటర్లు అడ్డంకి లేకుండా వదలాలి. మన దగ్గర డ్రైనేజీ మీది శ్లాబునే ఫుట్‌పాత్ అంటారు. మోకాలెత్తు గట్టు, నాలుగు శ్లాబులకొకటి లేదు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని ఎక్కమని ఎవరికి చెబుతాం?

‘ఇక్కడ ప్రమాదాల రికార్డు లేదు’ అన్నది మరో జవాబు. బ్లాక్‌స్పాట్ అనే నిర్వచనం జాతీయ రహదారుల కోసం పెట్టింది: సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్రగాయాలైన ప్రమాదాలు ఐదు, లేదా మరణాలు పది. ఊరి లోపలి రోడ్డును ఆ కొలబద్దతో కొలిస్తే మూడేళ్లూ శవాలు లెక్కపెడుతూ కూర్చోవాలి. బండి జారి చెయ్యి విరిగినవాడు నేరుగా నర్సింగ్ హోంకు వెళ్లి కట్టు కట్టించుకుని ఇంటికి పోతాడు. కేసు ఉండదు, కాబట్టి పోలీసుల రికార్డు ఉండదు. 108 వాహనాలు ఏ చౌరస్తాకు ఎన్నిసార్లు వెళ్లాయో ఆ జాబితా తెప్పించండి. వ్యక్తుల పేర్లు అక్కర్లేదు, చోటు, వేళ చాలు. ఆ కాగితం సమావేశంలో పెడితే సగం వాదనలు అక్కడే ఆగుతాయి.

వేగం లెక్క మేమే తీయగలం, ఎవరైనా తీయవచ్చు. రోడ్డు అంచున 30 మీటర్ల దూరానికి సున్నంతో రెండు గీతలు గీయాలి. పక్కన నిలబడి ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో బండి మొదటి గీత దాటినప్పటి నుంచి రెండో గీత దాటేదాకా సెకన్లు చూడాలి. 108ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. రెండు సెకన్లయితే 54, మూడు అయితే 36. (108 అన్న అంకె గుర్తుపెట్టుకోవడం మనకు కష్టం కాదు.) వరసగా వచ్చిన వంద బండ్లు తీసుకోవాలి, నచ్చినవి ఏరుకోకూడదు. వేగాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే 85వ అంకె ఇంజనీర్లు చూసే అంకె. స్పీడ్‌బ్రేకర్ వేయకముందు ఒకసారి, వేశాక మూడు నెలలకు మరోసారి తీయాలి. మొబైల్‌లో చేసేటప్పుడు అర సెకను అటూ ఇటూ అయితే 54 కాస్తా 43 అవుతుంది, కాబట్టి ఇద్దరు విడివిడిగా తీసి పోల్చుకోవడం మంచిది. వాహనాల లెక్కకు పదిహేను నిమిషాలకొక గడి గీసిన కాగితం, ఒక్కో దిక్కుకు ఇద్దరు మనుషులు, ఉదయం 8 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 6.30. ఒక మామూలు రోజు, ఒక అంగడి రోజు.

మున్సిపాలిటీ ఇంజనీర్లను మాత్రమే తప్పుపట్టడం సరికాదు. రోడ్డు ఆర్ అండ్ బీది, డ్రైనేజీ మున్సిపాలిటీది, స్తంభం విద్యుత్ శాఖది, సిగ్నల్ పోలీసులది, తవ్వేది పైపులైన్ వాళ్లు. సమావేశానికి వచ్చేది మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఒక్కరే. ఏం అడిగినా ‘అది మా పరిధి కాదు’ అనడం తప్ప ఆయనకు దారి లేదు. వీళ్లందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలది కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. వార్డు సమావేశంలో వచ్చిన ప్రతి సూచనా ఆ కమిటీ ఎజెండాకు వెళ్లాలి.

చట్టాలు లేక కాదు. సమాచార హక్కు చట్టం 4(1)(సి) ప్రకారం జనం మీద ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు తీసుకునేటప్పుడు సంబంధిత వివరాలన్నీ ప్రకటించాలి. 4(1)(డి) ప్రకారం నిర్ణయానికి కారణాలు ప్రభావితులకు చెప్పాలి. అదే చట్టం 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైన్, నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గానీ వైకల్యం గానీ కలిగితే బాధ్యులైన అధికార సంస్థకైనా, కాంట్రాక్టర్‌కైనా లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇది బెదిరింపుగా రాయడం లేదు. సమావేశం రికార్డు సరిగా ఉంటే రేపు ఇంజనీర్లకే అది రక్ష.

పాఠకులకు ఒక సూచన. నక్షా చూపకుండా హాజరు పట్టీ ఇస్తే సంతకం పక్కనే ‘కొలతలతో నక్షా చూపలేదు’ అని రాయండి. పట్టీని ఫొటో తీసుకోండి.

మా పట్టణంలో రెండో దశ పనులకు టెండరు ఇంకా పిలవలేదు. మేం అడుగుతున్నవి పెద్దవేమీ కావు. 1:500 స్కేలులో నక్షా పదిహేను రోజుల ముందే వార్డు ఆఫీసులో, రేషన్ దుకాణాల దగ్గర అంటించాలి. యూటర్న్‌లు, క్రాసింగ్‌లు, బస్‌స్టాప్‌లు, హంప్‌లు, స్తంభాలు, వాటి మధ్య దూరాలు అందులో ఉండాలి. సమావేశం ఆదివారం గానీ సాయంత్రం ఆరు తర్వాత గానీ ఏదైనా బడిలో పెట్టాలి. వచ్చిన సూచనలన్నింటికీ ఒప్పుకున్నారా, లేదా, లేకపోతే ఎందుకు అన్నది పట్టికగా వేసి అదే గోడకు అంటించాలి. కొత్త యూటర్న్‌లను కాంక్రీటు పోసేముందు రెండు వారాలు ప్లాస్టిక్ బారికేడ్లతో నడిపి చూడాలి. బారికేడ్లలో నీళ్లు నింపాలి, ఖాళీవి పెట్టి వెళితే మొదటి గాలివానకే రోడ్డు మీదికొస్తాయి. ఆ రెండు వారాలు దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో పడకుండా చూడాలి. డిజైన్‌ను గీసినవాళ్లు కాక వేరే ఇంజనీర్లు ఒకసారి భద్రతా ఆడిట్ చేయాలి. దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 88 మాన్యువల్ ఎలాగూ ఉంది. డిజైన్ దశలో, రోడ్డు తెరిచేముందు కూడా చేయాలని అది చెబుతుంది.

కాలనీల తరఫున తీసిన వేగం, రద్దీ లెక్కల కాగితాలను ఇన్వార్డులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. అవి తప్పని తేలితే సంతోషమే, సరైన లెక్కలు పక్కన పెట్టి చూపించమనే కోరుతున్నాం.

– ప్రధాన రహదారి పక్క కాలనీల నివాసులు